ఇల్లు ఖాళీ చేసే ముందు ఆరు వారాలు



మనలో జురాంగ్ ఐలాండ్‌లో షిఫ్టు డ్యూటీలు చేసేవారు చాలామంది ఉన్నారు. రాత్రి షిఫ్టులో ఐలాండ్ దక్షిణపు అంచు నుంచి చూస్తే సముద్రం మీద ఓడల దీపాలు కనిపిస్తాయి. ఆ ఓడల్లో ఒకటి మన ఇళ్ళ చెత్తను మోసుకుపోయేది. తువాస్‌లో బూడిద నింపుకున్న బార్జి జురాంగ్ ఐలాండ్‌ను చుట్టి, సుమారు 3 గంటలు ప్రయాణించి సెమకావ్ దీవికి చేరుతుంది. మనం వంటింటి చ్యూట్‌లో వదిలిన సంచికి అదే చివరి మజిలీ. చ్యూట్ మూత వేయగానే సంచి మాయమైపోయినట్టు మనకు అనిపిస్తుంది కానీ, అది మనింటి నుంచి నలభై కిలోమీటర్ల లోపే ఎక్కడో ఒకచోట ఉంటుంది.

ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నామంటే, గుడి వాలంటీర్లలో మేము కొద్దిమందిమి కొంతకాలంగా ఇల్లు ఖాళీ చేసే సభ్యులకు సామాను సర్దడంలో సాయం చేస్తున్నాం. మాలో ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులమే. చెత్త గురించి ప్రత్యేకంగా చదువుకున్నవాళ్ళం కాదు. తప్పులు చేస్తూ నేర్చుకున్నాం. ఆ తప్పులు మీరు మళ్ళీ చేయనక్కర్లేదు.

ముందు సెమకావ్ సంగతి. సింగపూర్‌లో ఇళ్ళ చెత్తను పూడ్చరు, కాలుస్తారు. మొదటి ప్లాంటు 1979లో ఉలు పాండాన్‌లో మొదలైంది. ఇప్పుడు తువాస్ వైపు, సెనోకోలో ఉన్న ప్లాంట్లు ఆ పని చేస్తున్నాయి. కాల్చాక చెత్త పరిమాణం సుమారు పదోవంతుకు తగ్గుతుంది, ఆ వేడితో కరెంటు తీస్తారు. మిగిలిన బూడిద, కాలని చెత్త కలిపి రోజుకు సుమారు 2000 టన్నులు సెమకావ్‌కు వెళ్తాయి. ప్రధాన భూభాగం మీద మిగిలిన చివరి డంపింగ్ యార్డు లోరాంగ్ హాలుస్ 1999 మార్చి 31న మూతపడింది, మర్నాటి నుంచే సెమకావ్ పని మొదలుపెట్టింది. సెమకావ్, సకెంగ్ అనే రెండు దీవుల మధ్య సముద్రాన్ని 7 కిలోమీటర్ల రాతిగట్టుతో చుట్టి, లోపలి నీరు బయటికి ఊరకుండా పొర వేసి, సుమారు 350 హెక్టార్ల చోటు తయారుచేశారు. మొదట్లో ఇది 2045 దాకా సరిపోతుందనుకున్నారు. ఇప్పుడు 2035 నాటికే నిండుతుందని ప్రభుత్వమే చెబుతోంది. దేశం మొత్తానికి ఉన్న ల్యాండ్‌ఫిల్ ఇదొక్కటే. 2025లో ప్రైమరీ వన్‌లో చేరిన మన పిల్లలు నేషనల్ సర్వీసు వయసుకు రాకముందే అది నిండిపోతుందన్నమాట.

జురాంగ్ ఐలాండ్‌లో పనిచేసే ఒక సభ్యుడు మమ్మల్ని నిలదీశారు. "మా ఐలాండ్‌లోనే చెత్త కాల్చి ఫ్యాక్టరీలకు ఆవిరి ఇస్తున్నారు కదండీ. కాల్చితే పనికొస్తున్నప్పుడు ఈ విడదీసే గొడవంతా దేనికి?" అని. న్యాయమైన ప్రశ్నే. సెంబ్‌కార్ప్ సంస్థ 2016లో అక్కడి సక్రా ప్రాంతంలో ఆఫీసుల, ఫ్యాక్టరీల చెత్తను కాల్చి ఆవిరి తీసే ప్లాంటును ప్రారంభించింది. అయితే ఏ ప్లాంటులో కాల్చినా బూడిద మిగులుతుంది, గాజూ ఇనుమూ కాలవు. పైగా కాల్చితే తిరిగొచ్చేది ఆ వస్తువులోని వేడి మాత్రమే, దాన్ని తయారుచేయడానికి పెట్టిన శ్రమంతా పోతుంది. అల్యూమినియం డబ్బాను కరిగించి మళ్ళీ డబ్బా చేస్తే, ఖనిజం నుంచి కొత్తగా చేసేదానితో పోలిస్తే సుమారు 95 శాతం విద్యుత్తు, ఇంధనం మిగులుతాయి. కొలిమిలో వేస్తే ఆ లాభం ఉండదు.

ఆ ఐలాండ్‌దే ఇంకో మాట. ఒకప్పుడది ఏడు చిన్న దీవులు. మధ్య సముద్రాన్ని పూడ్చి ఒకటిగా కలిపి, 2000 అక్టోబర్ 14న అధికారికంగా ప్రారంభించారు. ఆ ఏడింటిలో ఒకటైన పులావ్ అయర్ మెర్బావ్ మీద 1984లోనే పెట్రోకెమికల్ ప్లాంటు నడిచింది. ఇవాళ మన ఇడ్లీపిండి డబ్బా, పప్పుల కవరు తయారయ్యే పాలీప్రొపిలీన్, పాలీఎథిలీన్ గుళికలు అక్కడి ప్లాంట్లలో టన్నులకొద్దీ తయారవుతాయి. అక్కడ ఒక్క కాపురం కూడా లేదు, పాస్ లేనిదే కాజ్‌వే దాటనివ్వరు. అయినా ప్లాస్టిక్ పుట్టుకా, దాని బూడిద చివరి ప్రయాణమూ రెండూ ఆ ఐలాండ్ చుట్టుపక్కలే జరుగుతున్నాయి. మన సభ్యుల్లో కొందరు రోజూ ఆ రెండింటి మధ్యే పనిచేసి ఇంటికి వస్తున్నారు.

ఆవకాయ జాడీ

మా మొదటి తప్పు చెబుతాం. ఇండియా తిరిగి వెళ్ళిపోతున్న ఒక కుటుంబానికి సాయం వెళ్ళాం. వంటింట్లో గాజు సీసాలు, ప్లాస్టిక్ డబ్బాలు పాతిక దాకా తేలాయి. అన్నీ రీసైకిల్ అయ్యేవే కదా అని సంతోషంగా రెండు పెద్ద సంచుల్లో నింపి కింద బ్లూ బిన్‌లో వేసి వచ్చాం. వాటిలో సగం ఉన్న ఆవకాయ జాడీ ఒకటి, నెయ్యి అంటుకున్న డబ్బాలు నాలుగు ఉన్నాయి. మర్నాడు చూస్తే ఆ నూనె బిన్‌లో ఉన్న అట్టపెట్టెలన్నిటికీ పట్టింది. ఇరుగుపొరుగు వాళ్ళు శుభ్రంగా మడిచి వేసిన కాగితం మా చలవ వల్ల కాల్చే ప్లాంటుకు పోయి ఉంటుంది.

ఇది మా ఒక్కరి సమస్యే కాదని తర్వాత తెలిసింది. సింగపూర్‌లో బ్లూ బిన్‌లలో పడేవాటిలో సుమారు 40 శాతం రీసైకిల్‌కు పనికిరానివేనని అధికారిక లెక్క. ఇక్కడ కాగితం, ప్లాస్టిక్, గాజు, లోహం అన్నీ ఒకే బిన్‌లో కలిపి వేస్తాం కాబట్టి ఒక్క సీసా కారితే మిగతావన్నీ పాడవుతాయి. ఇళ్ళ చెత్తలో రీసైకిల్ అయ్యేది 2018లో 22 శాతం ఉండేది. 2024కి 11 శాతానికి పడిపోయింది. 2030 నాటికి 30 శాతం చేరాలన్నది ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యం. ఇంటింటికీ బ్లూబాక్స్ డబ్బాలు ఉచితంగా ఇచ్చినా, పెద్ద సూపర్‌మార్కెట్లలో సంచికి 5 సెంట్లు పెట్టినా, వంటింటి అలవాటు మారడం అంత తేలిక కాదని ఈ అంకెలు చెబుతున్నాయి.

కాబట్టి పచ్చడి సీసా సంగతి ఇదీ. మిగిలిన పచ్చడి తీసి మామూలు చెత్తలో వేయండి, సీసాను ఒక్కసారి నీళ్ళతో తొలిచి, ఆరాక బ్లూ బిన్‌లో వేయండి. తళతళలాడేలా తోమక్కర్లేదు. మిగిలిన వేపుడు నూనెను సింకులో పోయకండి, గడ్డకట్టి పైపులు పూడుకుపోతాయి. పాత న్యూస్‌పేపర్‌కు పీల్చించి చెత్తలో వేయడం మేలు. టిష్యూ పేపర్లు, థర్మోకోల్, పింగాణీ కప్పులు, పైరెక్స్ గిన్నెలు, అద్దం ముక్కలు బ్లూ బిన్‌లో వేయకూడదు. ఈ అద్దం మాట గుర్తుంచుకోండి, దేవుడి పటాల దగ్గర మళ్ళీ వస్తుంది.

గడువు

ఇల్లు ఖాళీ చేసేవారందరికీ వస్తువుల మీద ప్రేమ ఉంటుంది, పారేయాలని ఎవరికీ ఉండదు. అయినా చివరికి పారేసేది ఎక్కువే అవుతుంది. ఎందుకో మాకు కొన్ని ఇళ్ళు చూశాక అర్థమైంది. సమయం చాలక.

ఉద్యోగం పోయిందనుకోండి. ఎంప్లాయ్‌మెంట్ పాస్ రద్దయితే మామూలుగా 30 రోజుల పాస్ ఇస్తారు. ఆ 30 రోజుల్లోనే పిల్లల స్కూలు సర్టిఫికెట్లు, బ్యాంకు, ఇన్‌కమ్ ట్యాక్స్ క్లియరెన్సు, టికెట్లు, ఇంటి ఓనరుతో డిపాజిట్ గొడవ. సామాను గురించి ఆలోచించే తీరిక చివరి వారానికి గానీ రాదు. అప్పటికి ఎవరో ఒక లారీవాళ్ళను పిలిచి, అంతా తీసుకెళ్ళమని డబ్బిచ్చేయడం తప్ప దారి ఉండదు. మేం వెళ్ళిన ఒక ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. మేం చేరేసరికి లారీ వచ్చేసింది. పనిచేస్తున్న మిక్సీ, పిల్లల సైకిలు, కొత్త దుప్పట్లు, ఇనుప మంచం అన్నీ ఒకే కుప్పగా పోయాయి. ఆ ఇల్లాలు ఏమీ అనలేదు, మిక్సీ జార్ మూత మాత్రం చేతిలో పట్టుకుని నిలబడిపోయారు. అది పుట్టింటివారు ఇచ్చిన మిక్సీ అట.

నెల రోజుల ముందు మాకు ఒక్క మెసేజ్ పెట్టి ఉంటే ఆ మిక్సీ ఇవాళ ఇంకెవరి వంటింట్లోనో తిరుగుతుండేది. అందుకే ఆరు వారాలు అంటున్నాం. 30 రోజులే చేతిలో ఉన్నవారు ఆరు వారాలు ఎక్కడి నుంచి తెస్తారని మీరు అడగవచ్చు. అలాంటివారు మొదటి రోజే మాకు చెప్పండి, ఏం జరిగిందో కారణం చెప్పనక్కర్లేదు. అద్దె ఒప్పందం ముగిసి వెళ్ళేవారికి, ఫ్లాట్ అమ్మి వెళ్ళేవారికి మాత్రం ఆరు వారాలు కచ్చితంగా దొరుకుతాయి.

సమయం ఎలా పనికొస్తుందో ఒక లెక్క చూడండి. హెచ్‌డీబీ ఫ్లాట్లలో ఉండేవారికి చాలా టౌన్ కౌన్సిళ్ళు నెలకు మూడు పెద్ద వస్తువుల దాకా ఉచితంగా తీసుకెళ్తాయి. ఫోన్ చేసి తేదీ తీసుకోవాలి. చివరి వారంలో పిలిస్తే మూడే. ఆరు వారాల ముందు మొదలుపెడితే రెండు నెలల ఖాతాలో ఆరు వస్తువులు. మంచం, పరుపు, బీరువా, సోఫా ఖర్చు లేకుండా సాగనంపవచ్చు. చెప్పకుండా వాయిడ్ డెక్‌లో వదిలేస్తే మాత్రం జరిమానా. మీ టౌన్ కౌన్సిల్ నియమం ఒకసారి అడిగి తెలుసుకోండి, అన్నిచోట్లా ఒకేలా ఉండదు.

పనికొచ్చే ఫర్నిచర్ ముందు మన సభ్యుల్లోనే అడగండి, తర్వాత కారోసెల్‌లో పెట్టండి. ధర గురించి మా అనుభవం ఒకటి. మీరు వెయ్యి డాలర్లకు కొన్న డైనింగ్ టేబుల్ అయిదేళ్ళ తర్వాత ఎవరికీ అయిదొందలు కాదు. మొదటి వారంలో యాభై అంటే ఎవరో ఒకరు వస్తారు. నాలుగో వారం దాకా మూడొందల దగ్గర పట్టుబట్టి కూర్చుంటే చివరికి మీరే ఎదురు డబ్బిచ్చి పంపాల్సి వస్తుంది. ఈ మాట ప్రతి ఇంట్లోనూ చెప్పాం, ఎవరూ వినలేదు. మేం కూడా మా ఇళ్ళు మారినప్పుడు వినలేదు లెండి.

ఇనుము, ఇత్తడి, పాత పేపర్లకు కరుంగుని వాళ్ళున్నారు. హారన్ మోగిస్తూ బ్లాకుల మధ్య తిరిగే ఆ బండ్లను మీరు చూసే ఉంటారు. మలయ్ భాషలో కరుంగుని అంటే గోనెసంచి. ఆ 'గుని'కీ మన 'గోనె'కూ మూలం ఒకటే, ఇండియా నుంచి ఓడలెక్కి వచ్చిన మాట. మన ఊళ్ళలో పాత చీరలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ, పాత సామాన్లు కొంటామని సైకిల్ మీద అరుచుకుంటూ పోయే మనిషీ చేసింది ఇదే పని. అమ్మమ్మలు నాలుగు చీరలకు ఒక గిన్నె దగ్గర గంటసేపు బేరమాడేవారు. అప్పట్లో దానికి రీసైక్లింగ్ అనే పేరు లేదు.

బట్టలు ఉతికి, మడిచి, కట్టుకోవడానికి పనికొచ్చేవైతే సాల్వేషన్ ఆర్మీ లాంటి సంస్థల దుకాణాలకు ఇవ్వవచ్చు. చిరిగినవి దానం ఇవ్వకండి, వాటిని ఏరి పారేసే పని వాళ్ళ నెత్తిన పడుతుంది. ఇంకో హెచ్చరిక కూడా చేయాలి. డబ్బాలో వేయగానే మన బాధ్యత తీరిందనుకోకూడదు. పాత క్రీడా బూట్లను పొడిచేసి ఆటస్థలాలకు వాడతామని సింగపూర్‌లో ఒక పథకం నడిచింది. రాయిటర్స్ విలేఖరులు 11 జతల బూట్లలో ట్రాకర్లు దాచి ఆ డబ్బాల్లో వేశారు. 2023 ఫిబ్రవరిలో వచ్చిన వాళ్ళ కథనం ప్రకారం ఆ 11 జతల్లో ఒక్కటి కూడా ఆటస్థలం కాలేదు. కొన్ని ఇండోనేషియాలోని పాతబట్టల బజార్లలో దొరికాయి. సాఫ్ట్‌వేర్ వాళ్ళం కాబట్టి ఆ ట్రాకర్ ఆలోచన మాకు తెగ నచ్చింది. దానం ఇచ్చే ముందు, ఇది తర్వాత ఎక్కడికి వెళ్తుందని ఒక్క ప్రశ్న వేయడం అప్పటి నుంచి అలవాటు చేసుకున్నాం.

ఫ్రిజ్, ఫోన్

కరెంటు వస్తువులకు దారి వేరు. సింగపూర్‌లో ఏటా సుమారు 60,000 టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు వస్తాయి. 2021 జూలై 1 నుంచి వాటిని సేకరించే బాధ్యతను చట్టం తయారీదారుల మీద, అమ్మేవారి మీద పెట్టింది. కొత్త ఫ్రిజ్ లేదా వాషింగ్ మెషిన్ ఇంటికి తెచ్చినప్పుడు అదే రకం పాతది ఉచితంగా తీసుకెళ్ళాల్సింది దుకాణమే. ఈ హక్కు సంగతి మన సభ్యుల్లో చాలామందికి తెలియదు.

పాత ఫ్రిజ్‌ను రాగి తీగ కోసం కోసేవారి చేతిలో పెట్టకండి. లోపలి గ్యాస్ గాలిలోకి పోతుంది. చాలా పాత ఫ్రిజ్‌లలో ఉండే ఆర్-134ఎ అనే గ్యాస్ ఒక్క కిలో, వందేళ్ళ లెక్కన చూస్తే, సుమారు 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. ఫ్రిజ్‌లో ఉండేది వంద, రెండొందల గ్రాములే కావచ్చు, కానీ దాన్ని పద్ధతిగా తీసే చోటికి చేర్చితే చాలు, నష్టం ఉండదు.

బ్యాటరీలు, పవర్‌బ్యాంకులు, పాత ఫోన్లు చ్యూట్‌లో గానీ బ్లూ బిన్‌లో గానీ వేయకూడదు. లిథియం బ్యాటరీ లారీలో నలిగితే అంటుకుంటుంది. మాల్స్‌లోనూ కమ్యూనిటీ క్లబ్బుల్లోనూ ఉన్న ఈ-వేస్ట్ బిన్లలో వేయండి. బల్బులు, బ్యాటరీలు తీసుకునే బిన్లు వేరేగా ఉంటాయి, పైన బొమ్మ చూసి వేయండి.

ఫోన్ల దగ్గర మాకు కాస్త తెలుసు కాబట్టి ఇంకొంచెం వివరంగా చెబుతాం. దాదాపు ప్రతి ఇంట్లో మూడు నాలుగు పాత ఫోన్లు ఉంటాయి. ఎందుకు ఇవ్వలేదంటే అందరి జవాబూ ఒకటే, ఫోటోలున్నాయండీ, బ్యాంకు వివరాలున్నాయండీ అని. భయం సహజమే, దానికి పరిష్కారం కూడా ఉంది. ఫైలు డిలీట్ చేయడమంటే లైబ్రరీ కేటలాగులో పుస్తకం పేరు కొట్టేయడం లాంటిది. పుస్తకం అలమారలోనే ఉంటుంది, వెతికేవాడికి దొరుకుతుంది. ఫ్యాక్టరీ రీసెట్ అలా కాదు. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 దగ్గర్నుంచి చాలా ఫోన్లు లోపలున్నదంతా తాళం వేసి దాస్తాయి, ఐఫోన్లు అంతకుముందు నుంచే. రీసెట్ చేస్తే ఆ తాళంచెవి నాశనమవుతుంది, లోపలిది ఇక ఎవరూ చదవలేరు. పాత లాప్‌టాప్ హార్డ్ డిస్కు మాత్రం అలా కాదు, దాని మీద ఒకసారి పూర్తిగా కొత్త డేటా రాయించాలి. అది తెలియకపోతే ఆదివారం గుడికి తీసుకురండి, మీ ఎదుటే చేసిస్తాం. మా ఇంటికి తీసుకెళ్ళం.

రీసెట్ నొక్కే ముందు వరస ముఖ్యం. సింగ్‌పాస్, బ్యాంకు డిజిటల్ టోకెన్ కొత్త ఫోన్‌లోకి మార్చుకోండి. గూగుల్ లేదా ఆపిల్ అకౌంట్‌లోంచి బయటికి రండి. ఇండియా సిమ్ ఏ ఫోన్‌లో ఉందో చూడండి. ఒక పెద్దాయన పాత ఫోన్‌తోపాటు ఊరి బ్యాంకు ఓటీపీలు వచ్చే సిమ్‌ను కూడా బిన్‌లో వేసేశారు. దాన్ని మళ్ళీ తీసుకోవడానికి ఆయన స్వయంగా రాజమండ్రి వెళ్ళాల్సి వచ్చింది.

దేవుడి గూడు

ఇక అసలు మాటకొస్తున్నాం. అన్నిటికన్నా ఎక్కువ కష్టపెట్టేది ఇదే.

ఇల్లు ఖాళీ చేసేవారు పాత దేవుడి పటాలు పారేయలేరు, తీసుకెళ్ళలేరు. చీకటి పడ్డాక తెచ్చి గుడి ప్రహరీ పక్కన చెట్టు కింద పెట్టి, దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోతారు. వాళ్ళ మనసులో అది దేవుణ్ణి దేవుడి దగ్గరే వదిలి వెళ్ళడం. కానీ వర్షానికి తడిసి, అద్దం పగిలి, ఉబ్బిపోయిన లక్ష్మీదేవి పటాన్ని ఉదయం ఎత్తాల్సింది గుడి ఊడ్చే మనిషి. ఒకసారి ఆమె వేలు తెగింది. ఆ పటాలు చివరికి చేరేది మామూలు చెత్తలోకే, మీకు బదులు ఇంకొకరు ఆ పని చేస్తున్నారు, అంతే తేడా.

మేం అర్చకస్వామిని అడిగాం. ఆయన చెప్పింది మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే. వినాయక చవితికి మట్టి విగ్రహం తెచ్చి పూజచేసి, ఆఖరున ఉద్వాసన చెబుతాం. ఉద్వాసన చెప్పి కదిపాక మిగిలింది మట్టి. ప్రాణప్రతిష్ఠ చేయని అచ్చు పటాలకైతే దీపం పెట్టి, ఒక పువ్వు పెట్టి, మనసారా నమస్కరించి వీడ్కోలు చెబితే చాలన్నారు. ఆ తర్వాత మిగిలేవి చెక్క, గాజు, కాగితం. నిత్యపూజలో ఉన్న విగ్రహాలు, సాలగ్రామాలు, యంత్రాలు మాత్రం ఆయన్ని అడగకుండా కదపకండి, ఒక్కోదానికి ఒక్కో పద్ధతి ఉంటుంది.

ఈ పని పెద్దయెత్తున చేస్తున్నవాళ్ళు ఇండియాలో ఉన్నారు. నాసిక్‌లోని సంపూర్ణం సేవా ఫౌండేషన్ ఇళ్ళ నుంచి పాత పటాలు, విగ్రహాలు సేకరించి, ఉత్తరపూజ జరిపించి, ఆ తర్వాత భాగాలు విడదీసి పునర్వినియోగిస్తోంది. గుడి పూలతో అగరుబత్తీలు చేసే సంస్థలు కాన్పూర్‌లోనూ మన హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. మనకంత చోటూ లేదు, మనుషులూ లేరు. కానీ ఒక టేబుల్, ఒక స్క్రూడ్రైవర్ ఉంటే సరిపోతుందని తెలుసుకున్నాం.

దాన్ని మాకు నేర్పింది ఒక పెద్దాయన. భార్య పోయాక కొడుకు దగ్గరికి వెళ్ళిపోతూ ఫ్లాట్ ఖాళీ చేశారు. దేవుడి గూడంతా ఆవిడ చేతి మీద పెరిగినది. తిరుపతి పటాలే తొమ్మిది, ప్రతి యాత్రకూ ఒకటి. ఏళ్ళ తరబడి తెలుగు క్యాలెండర్లలోంచి కత్తిరించి అట్టకు అంటించిన బొమ్మలు ఓ కట్ట. మేం మొదటి ఆదివారం వెళితే గూడు తలుపు తెరవనివ్వలేదు. రెండో ఆదివారం ఆయనే టేబుల్ మీద పాత దుప్పటి పరిచి, స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నారు. పటం తిరగేసి, వెనక అట్ట మేకులు ఒక్కొక్కటే పైకి లేపి, అద్దం తీసి న్యూస్‌పేపర్లో చుట్టారు. అలా చుట్టి, పైన గాజు అని రాసి మామూలు చెత్తలో వేయాలి. ఎందుకంటే ఇందాక చెప్పినట్టు పటం అద్దాన్ని బ్లూ బిన్ తీసుకోదు. మెరుపు పూత లేని, లామినేషన్ చేయని కాగితం బ్లూ బిన్‌లో వేయవచ్చు. లామినేట్ చేసిందీ, జరీ మెరుపులున్నదీ రీసైకిల్ అవ్వదు. మేకులు, కొక్కేలు లోహం. చెక్క చట్రాలు బాగుంటే పిల్లలు తమ బొమ్మలు పెట్టుకోవచ్చు. బాలవిహార్‌లో ఇప్పటికే కొన్ని గోడకెక్కాయి.

దేవుడి బొమ్మ ఉన్న కాగితాన్ని బ్లూ బిన్‌లో వేయడానికి ఆయనకు మనసొప్పలేదు, నిజానికి మాకూ ఒప్పలేదు. బొమ్మ లోపలికి వచ్చేలా మడిచి, తెల్ల కాగితంలో చుట్టి వేశాం. శాస్త్రం ఏమంటుందో గానీ చేతికి కాస్త సులువైంది. ఒక్కో పటానికీ అది ఏ సంవత్సరం తిరుపతి యాత్రో, ఎవరి పెళ్ళి మొక్కో ఆయన చెబుతూ పోయారు. నాలుగు ఆదివారాలు పట్టింది. తొమ్మిదింటిలో ఒకటి ఉంచుకున్నారు. లారీ వచ్చే రోజున అయితే ఇవేవీ జరిగేవి కావు.

ఇత్తడి కుందులు, గంటలు, హారతి పళ్ళేలు మంచి స్థితిలో ఉంటే గుడి ఆఫీసులో చెప్పండి, కొత్తగా కాపురం పెట్టేవారు తీసుకుంటున్నారు. వినాయకుడి మట్టి విగ్రహాన్ని బకెట్టులో కరిగించి ఆ మట్టి పూలకుండీలో వేయండి. సముద్రంలోనూ కాలువల్లోనూ ఏమీ వదలకూడదు, ఇక్కడ అది నేరం. వాడిన పూలు ప్లాస్టిక్ కవరుతో సహా కుండీలో వేసేవారున్నారు, దయచేసి కవరు విప్పండి. పూలు మట్టిలో కలుస్తాయి, కవరు కలవదు.

మీరు ఎప్పుడు ఇల్లు మారుతున్నారో తెలియగానే గుడి ఆఫీసు కౌంటర్‌లో మీ పేరు, బ్లాకు నంబరు, ఖాళీ చేసే తేదీ రాయించండి. అక్కడే ఒక పట్టిక ఉంటుంది, ఏ వస్తువు ఎన్నో వారంలో ఎటు వెళ్ళాలో తెలుగులో రాసిపెట్టాం, ఒక కాపీ తీసుకెళ్ళండి. ఆదివారం అన్నదానం అయ్యాక మేం భోజనశాల వెనక టేబుల్ దగ్గర ఉంటాం. పటాలు విప్పాలంటే అక్కడికే తీసుకురండి, రాత్రిపూట చెట్టు కింద వద్దు. మాకున్నది ఒకటే స్క్రూడ్రైవర్, మీ ఇంట్లో ఇంకోటి ఉంటే వచ్చేటప్పుడు పట్టుకురండి.